ఫణిశ్రీ టీచరు గిటారు కొన్న సంగతి

ఫణిశ్రీ టీచరు పాఠం చెబుతుంటే బడి గేటు అవతల సైకిలు మీద పోయేవాళ్ళకు కూడా కూడికలు వచ్చేస్తాయని ఆ ఊళ్ళో ఒక మాట ఉండేది. పాలకొల్లుకు దగ్గర్లో, కాలవ గట్టు మీద ఉన్న చిన్న ఊరది. అక్కడి ప్రాథమిక పాఠశాలలో ఆమె చాలా ఏళ్ళుగా ఒకటి, రెండు తరగతులు చూస్తోంది. అక్షరాలైనా అంకెలైనా వారాల పేర్లైనా పాటగానే చెప్పేది. ఆ పాటలు ఏ పుస్తకంలోవీ కావు. రోజూ పాలకొల్లు నుంచి స్కూటీ మీద వస్తూ దారిలో కట్టుకున్నవే.

"కాలవ గట్టున కొంగమ్మా, కాలొకటెత్తి నిలిచేవు, కాళ్ళు నొప్పులు పుట్టవటే" అని ఆమె ఎత్తుకునేసరికి పిల్లలంతా ఒంటికాలి మీద నిలబడి తక్కింది అందుకునేవారు. నలుగురైదుగురు తూలి ఒకరి మీద ఒకరు పడేవారు. ఆ నవ్వులు సద్దుమణిగేలోపు 'క' గుణింతం సగం వచ్చేసేది.

అలాంటి మనిషికి గొంతు పోయింది.

ఒక్కరోజులో పోలేదు. మొదట సాయంత్రాలు బొంగురుపోయేది. మిరియాల పాలు తాగితే పొద్దుటికి సర్దుకునేది. తర్వాత పొద్దున్న కూడా గొంతు గరగరలాడడం మొదలైంది. కరక్కాయ బుగ్గన పెట్టుకుంది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది, వేసవి సెలవుల్లో తగ్గుతుందిలే అనుకుంది. తగ్గలేదు. బడి తెరిచాక కొత్త పిల్లలకు కొన్నాళ్ళు ఆ బొంగురు గొంతుతోనే పాడింది. భర్త విశ్వనాథ్ పాలకొల్లులోనే ఒక సహకార బ్యాంకులో గుమాస్తా. నెమ్మదైన మనిషి, ఇంట్లో మాట్లాడే వాటా అంతా ఆవిడకే వదిలేసినవాడు. ఆయనే సెలవు పెట్టి రాజమండ్రి తీసుకెళ్ళి చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాడు. స్వరపేటిక మీద చిన్న కాయ లాంటిది పెరిగిందని డాక్టరమ్మ ఆపరేషన్ చేసింది. కొన్ని వారాలు పెదవి విప్పకూడదంది.

ఆ వారాలు వాళ్ళింట్లో ఒక వింత జరిగింది. విశ్వనాథ్ మాట్లాడడం నేర్చుకున్నాడు. బ్యాంకులో ఎవరు ఏమన్నారో, మార్కెట్లో ఏ కూరలు వచ్చాయో, ఎదురింటి వాళ్ళ గేదె ఈనిందో లేదో, అన్నీ ఇద్దరి తరఫునా తనే చెప్పేవాడు. "బెండకాయలు తెచ్చాను. ముదిరినవేనని నువ్వంటావు. నిజమే, చూసుకోలేదు" అనేవాడు. ఆమె నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది.

కట్టడి తీరాక గొంతు వచ్చింది. అయితే పాత గొంతు కాదు. సన్నగా, గరుకుగా, పొడి ఆకు మీద అడుగు వేసినట్టుంది.

"మాట్లాడండమ్మా, మెల్లగా. అరవకండి. పాటలు మాత్రం ఇంక వద్దు. మళ్ళీ అక్కడే ఒత్తిడి పడితే ఈపాటి గొంతు కూడా మిగలదు" అని చెప్పేసింది డాక్టరమ్మ.

ఫణిశ్రీ సరేనంది. బడిలో కాలు పెట్టేదాకా ఆ మాట బరువు ఆమెకు తెలియలేదు.

పిల్లలు పరిగెత్తుకొచ్చి చుట్టుకున్నారు. వాళ్ళలో పాపాయి అని, ఒకటో తరగతి పిల్ల, ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నాయి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని వదల్లేదు. "టీచరండీ, కొంగమ్మ పాటండి!" అని ఒకటే గోల. ఆమె మెల్లగా మొదలుపెట్టింది. రెండో చరణానికి గొంతు విరిగి, గాలి మాత్రమే వచ్చింది. పిల్లలు ఒంటికాలి మీద అలాగే నిలబడి ఆమె మొహంలోకి చూశారు.

"జలుబు తగ్గలేదాండీ?" అంది పాపాయి.

"తగ్గలేదమ్మా" అంది ఫణిశ్రీ.

విశ్వనాథ్ చెవికి తగిలించుకునే మైకు కొనుక్కొచ్చాడు. అది ఆ గరుకునే పదింతలు చేసి వినిపించింది. పెట్టుకున్న పూటే తీసేసింది. హెడ్‌మిస్ట్రెస్ మాణిక్యాంబగారు తన ఫోనులో పాటల వీడియోలు పెట్టి చూపించమన్నారు. పిల్లలు కదలకుండా, నోరు తెరుచుకుని చూశారు. బాగుందన్నారు కూడా.

"వాళ్ళు చూస్తున్నారండీ, పాడట్లేదు" అని ఆ సాయంత్రం ఫణిశ్రీ భర్తతో అంది. అని, పప్పు గిన్నె దించి, చాలాసేపు పొయ్యి దగ్గరే నిలబడిపోయింది.

వాద్యమేదైనా నేర్చుకుంటే, అన్న ఆలోచన అప్పుడే పుట్టింది. హార్మోనియం అయితే కూర్చోవాలి. కూర్చుంటే ఆమెకు పాఠం రాదు, బల్లల మధ్య తిరుగుతూ ఉండాల్సిందే. కీబోర్డుకు కరెంటు కావాలి, బడిలో అది ఉన్నప్పుడే ఉంటుంది. డిసెంబరులో ఆ ఊరి చర్చి వాళ్ళు బడిలో క్రిస్మస్ పండగ చేశారు. ఒకతను గిటారు మెడలో వేసుకుని పిల్లల మధ్య నడుస్తూ వాయించాడు. అతను ఎటు నడిస్తే పిల్లలు అటు తిరిగారు. ఫణిశ్రీ చేతిలో కేకు ముక్క అలాగే ఉండిపోయింది.

ఇంటికొచ్చి, "ఏమండీ, నేను గిటారు కొనుక్కుంటాను" అంది.

విశ్వనాథ్ కళ్ళజోడు తీసి ఆమెను చూశాడు. నలభై ఆరేళ్ళ మనిషి. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. "గిటారా?" అన్నాడు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "సరే, ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు.

ఫోనులో వెతికితే బోలెడు కనిపించాయి. ఎర్రవి, నీలంవి, నల్లగా నిగనిగలాడేవి. సంచీ, బెల్టు, తీగల కట్ట అన్నీ ఉచితం, ధర కూడా చవకే. విశ్వనాథ్ కొనేద్దామని వేలు పెట్టబోతే ఆమె ఆపింది. "రంగు చూసి చీర కొంటాం. మోత వినకుండా దీన్నెలా కొంటామండీ?"

అలా ఒక రెండో శనివారం ఇద్దరూ రావులపాలెం మీదుగా బస్సులో రాజమండ్రి వెళ్ళారు. మెయిన్‌రోడ్డు పక్క సందులో, మేడ మీద, సంగీత వాద్యాల కొట్టు ఒకటి ఉంది. తబలాలు, హార్మోనియాలు, భజన తాళాలు, గోడ నిండా గిటార్లు. యజమాని గణేష్‌బాబు హుషారైన మనిషి.

"రండి సార్, రండమ్మా. ఎవరికండీ? బాబుకా, పాపకా?"

"నాకే" అంది ఫణిశ్రీ.

గణేష్‌బాబు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఆయ్, దానికేముందండీ!" అని వెంటనే గోడ మీంచి ఒకటి దించి, ఒళ్ళో పెట్టుకుని జలజలా వాయించేశాడు. బాగుంది. ఇంకొకటి దించాడు. అదీ బాగుంది. మూడోదీ అంతే. అతని వేళ్ళు తీగల మీద పరిగెడుతుంటే ఏది గిటారు గొప్పో, ఏది అతని చెయ్యి గొప్పో ఆమెకు తెలియలేదు.

తర్వాత అద్దాల బీరువా తెరిచి ఒకటి తీశాడు. "దీన్ని చూడండమ్మా. ముందు పలక ఒకే చెక్క. ఆ చవక వాటికి పొరలు పొరలుగా అతికించిన ప్లైవుడ్డు ఉంటుంది. దీని మోత అందుకే నిండుగా ఉంటుందండి." తీగ మీటగానే నిజంగానే గది నిండింది. ధర విని విశ్వనాథ్ తిరిగే ఫ్యాను వైపు చూశాడు. ఆపరేషను ఖర్చులు అయిన ఏడాదే అది. ఫణిశ్రీ ఆ గిటారును చేత్తోనైనా తాకకుండా, "మా పాటికి తగ్గది చూపించండి" అంది.

అన్నిటికన్నా చవకది చూపించాడు. నీలం రంగు. ఆమె ఒక్క తీగ మీటింది. డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు మోగి, చటుక్కున ఆగిపోయింది.

అప్పుడు మూలనుంచి వేరే మోత వినిపించింది. ఎవరో పాట వాయించడం కాదు, శ్రుతి చేసుకుంటున్నారంతే. ఒక్కో తీగా మెత్తగా లేచి, తొందర లేకుండా తగ్గుతోంది. ఫణిశ్రీ వెనక్కి తిరిగింది. స్టూలు మీద ముప్పై అయిదేళ్ళ మనిషి, పాత గిటారుకు కొత్త తీగలు ఎక్కిస్తోంది.

"అది ఎంతండీ?" అని అడిగేసింది ఫణిశ్రీ.

ఆవిడ నవ్వింది. "ఇది నాదండీ. అమ్మకానికి కాదు."

ఆవిడ పేరు హెలెన్. నిడదవోలులో నర్సు. ఆదివారాలు చర్చిలో వాయిస్తుంది. తీగలు మార్పించుకుందామని వచ్చి, తనే మార్చుకుంటోంది. ఫణిశ్రీ రెండు మాటలు మాట్లాడేసరికి చెయ్యి ఆపి అడిగింది: "గొంతుకి ఆపరేషను అయిందాండి?"

బయటివాళ్ళు ఎవరడిగినా జలుబనే చెబుతూ వచ్చింది ఫణిశ్రీ. ఈవిడకు మాత్రం అంతా చెప్పింది. పాటలు, పిల్లలు, మైకు, ఫోను, క్రిస్మస్‌కు బడిలో నడుస్తూ వాయించినతను. హెలెన్ చేతిలో తీగ అలాగే పట్టుకుని వింది. అయ్యాక లేచి, "గణేష్‌గారూ, మీరు కాసేపు వాయించకండి బాబూ. మీరు వాయిస్తే ఈ బల్ల కూడా బాగానే మోగుతుంది. ఆవిణ్ణి వాయించుకోనివ్వండి" అంది.

గణేష్‌బాబు పకపకా నవ్వి, "ఆయ్, అలాగేనండి" అని పక్కకు తప్పుకున్నాడు.

హెలెన్ ముందు ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, పెద్ద బొజ్జ గిటారు ఒళ్ళో పెట్టింది. ఫణిశ్రీ పొట్టి మనిషి. గడ్డం దాని అంచుకు ఆనింది, కుడి చెయ్యి వేలాడింది. "చూశారా, ఇది మీది కాదు" అని చిన్నది పెట్టింది. తీగలు చెక్కకు మరీ ఎత్తులో ఉంటే వేళ్ళు కోసుకుపోతాయనీ, మరీ కిందికుంటే జుమ్మని ఈగ గోల చేస్తాయనీ చెప్పింది. గిటారు మెడ పొడుగునా అడ్డంగా ఉండే ఒక్కో లోహపు మెట్టు దగ్గరా నొక్కించి, ఒక్కో తీగా మీటించింది. "ఎక్కడైనా గోల వినిపిస్తే వదిలేయండి. ఎంత అందంగా ఉన్నా సరే."

"మీది ఏ కంపెనీ అండీ?" అన్నాడు విశ్వనాథ్.

హెలెన్ గోడ వైపు చెయ్యి చూపించింది. "అదిగోనండి, ఆ గోధుమరంగుదే. పెద్ద ఖరీదేం కాదు. మంచి తీగలు వేసి, ఎత్తు సరిచేయించుకున్నానంతే."

నీలం దానికన్నా ధర కాస్త ఎక్కువ, అద్దాల బీరువా దానికి చాలా దూరం. అవి కొట్లో మూడున్నాయి. గణేష్‌బాబు లోపలి అట్టపెట్టెల్లోంచి మిగతా రెండూ తెచ్చి వరసగా పెట్టాడు.

"మూడూ ఒకటేగా, ఏదో ఒకటి తీసుకుందాం" అన్నాడు విశ్వనాథ్.

"కంపెనీ ఒకటేనండి, చెక్క ఒకటి కాదుగా" అంది హెలెన్. "ఒకే చెట్టు బొండాలైనా అన్నిట్లో నీళ్ళు ఒకేలా ఉంటాయేంటి?"

ఫణిశ్రీ మూడూ మీటి చూసింది. మళ్ళీ చూసింది. మొదటిదే బాగుందనిపించింది, తర్వాత మూడోదనిపించింది. చివరికి చెవులు అలిసిపోయి ఏమీ తెలియలేదు.

"ఏమండీ, మీరు అటు తిరిగి నిలబడండి" అంది.

"నేనా? నాకేం తెలుసు?"

"తెలియక్కర్లేదు. వినండి చాలు."

విశ్వనాథ్ కిటికీ వైపు తిరిగి, కింద సందులోకి చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఒకే తీగను మూడింటి మీదా, ఒకదాని తర్వాత ఒకటి మీటింది. మరోసారి, వరస మార్చి మీటింది.

"ఇప్పుడు మోగింది ఏది?" అన్నాడు తల తిప్పకుండా.

"ఎందుకు?"

"అది ఆగిపోయాక కూడా ఇంకా ఉన్నట్టుంది."

హెలెన్ సైగ చేసింది. ఫణిశ్రీ ఇంకోసారి వరస తారుమారు చేసి మీటింది. "ఇదే" అన్నాడు విశ్వనాథ్. అదే గిటారు. మరోసారి కూడా అదే.

వెనక్కి తిరిగి, అందరూ తనవైపే చూస్తుండడంతో ఆయనకు మొహమాటం వేసింది. "సంగీతం నాకేం తెలుసు గానీ..." అని కాసేపు నసిగి, మెల్లగా అన్నాడు: "పొద్దున్నే నువ్వు వంటింట్లో ఏదో ఒకటి కూనిరాగం తీస్తూ ఉండేదానివి కదా. నేను హాల్లో పేపరు చదువుకుంటుంటే వినిపిస్తూ ఉండేది. వింటున్నానని అనుకోలేదు ఎప్పుడూ. ఇది అలా ఉంది. పక్క గదిలో మనిషి ఉన్నట్టు."

ఫణిశ్రీ గిటారు మీద తల వంచుకుంది. కళ్ళలో నీళ్ళు నిండి, తీగలు ఆరు కాస్తా పన్నెండైనట్టు కనిపించాయి. హెలెన్ అటు తిరిగి తీగల పొట్లాలు వెతకసాగింది. గణేష్‌బాబు మిగతా రెండు గిటార్లనూ తీసి పక్కన పెట్టసాగాడు.

ఆ గిటారుకు పక్కన చిన్న గీత పడి ఉందని గణేష్‌బాబే చూపించి, ధర కొంత తగ్గించాడు. తీగల కింద ఉండే తెల్ల ముక్కను తీసి ఆకురాయితో కాస్త అరగదీసి ఎత్తు తగ్గించాడు, పల్చటి తీగలు వేశాడు. "ఇప్పుడు నొక్కండమ్మా" అన్నాడు. ముందుకన్నా తేలిగ్గా నొక్కుకుంది. హెలెన్ ఫోను నంబరిచ్చి, "డ్యూటీ అయ్యాక రోజూ వీడియోలో చూపిస్తానండి. సిగ్గుపడకుండా చెయ్యండి" అంది.

తిరుగు బస్సులో గిటారు సంచీ ఇద్దరి ఒళ్ళోనూ అడ్డంగా ఉంది. పక్క సీట్లో పెద్దాయన, "అబ్బాయి కాలేజీలో వాయిస్తాడాండి?" అని అడిగాడు.

"మా ఆవిడ వాయిస్తారండి" అన్నాడు విశ్వనాథ్, ఆవిడ ఇంకా ఒక్క పాటైనా వాయించకుండానే.

వేళ్ళ కొసలు వాచాయి, గీతలు పడ్డాయి. గోంగూర పచ్చడి కలుపుకుంటే భగ్గున మండేది. విశ్వనాథ్ చెంచా తెచ్చి పళ్ళెంలో పెట్టేవాడు. కూరలు తరగడం తనమీద వేసుకున్నాడు. హెలెన్ ఒక్కో పూట యూనిఫారం కూడా మార్చకుండా ఫోనులో కూర్చుని, "బొటనవేలు వెనక్కండి, మణికట్టు వంచకండి" అనేది. ఫణిశ్రీకి శ్రుతి జ్ఞానం పుట్టుకతోనే ఉంది. తప్పు పలికితే చెవి ఊరుకునేది కాదు, వేళ్ళు మాత్రం మాట వినేవి కావు. నెలలు గడిచాక కొసలు గట్టిపడ్డాయి. తన పాటల్ని ఒక్కో స్వరంగా మీటడం వచ్చింది, కొన్ని తీగల్ని కలిపి వాయించడం వచ్చింది.

సంక్రాంతి అయి, మామిడి పూత కూడా రాలిపోయాక గిటారు బడికి వెళ్ళింది. స్కూటీ వెనక విశ్వనాథ్ దాన్ని ఒడిసి పట్టుకుని కూర్చుని, గేటు దగ్గర దిగి, ఆటోలో తన బ్యాంకుకు వెళ్ళిపోయాడు.

మొదటి రోజు ఆమె అనుకున్నట్టు జరగలేదు. గిటారు మెడలో వేసుకుని కొంగమ్మ పాట తప్పు లేకుండా వాయించింది. పిల్లలు ఫోను చూసినట్టే దాన్నీ చూశారు. కళ్ళింత చేసుకుని, నోళ్ళు మూసుకుని. అయ్యాక చప్పట్లు కొట్టారు. ఆమెకు కావలసింది చప్పట్లు కాదు. పాడండర్రా అని గట్టిగా అడగడానికి గొంతు లేదు. ఇంటికొచ్చి గిటారు మంచం పక్కన ఆనించి, అన్నం వద్దంది.

రెండో రోజు నిన్నటి దిగులుతోనే గిటారు మెడలో వేసుకుంది. అదే పాట మొదలుపెట్టి, రెండో చరణం దగ్గర వేలు పక్క మెట్టు మీద పడింది. స్వరం ఎటో పోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే తప్పింది.

"టీచరండీ, అలా కాదండి" అంది పాపాయి.

"మరెలాగే?"

పాపాయి లేచి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ చరణం పాడి వినిపించింది. పళ్ళ సందులోంచి గాలి పోతోంది గానీ స్వరం మాత్రం సరిగ్గా ఉంది. ఫణిశ్రీ దాన్ని పట్టుకుని మీటింది. "ఇలాగా?"

"ఆయ్! ఇంకా ఉందండీ" అని వెనక బల్లవాడు తర్వాతి చరణం అందుకున్నాడు. వాడు తప్పు పాడాడని పక్కనున్న పిల్ల సరిదిద్దింది. ఎవరు ఎత్తారో తెలియదు, ఒక కాలు లేచింది, తర్వాత అన్నీ లేచాయి. టీచరుకు పాట నేర్పడానికి గదిలో ఉన్న ప్రతి గొంతూ బయలుదేరింది. ఆమె బల్లల మధ్య నడుస్తూ, పాట ఎవరి దగ్గర సన్నగిలుతోందో వాళ్ళ పక్కన ఆగి కాస్త గట్టిగా మీటుతూ, మళ్ళీ కదులుతూ ఉంది.

పక్క గదిలోంచి మాణిక్యాంబగారు సుద్దముక్క చేత్తోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "ఏంటమ్మా ఫణిశ్రీ, పాఠమా పేరంటమా ఇది?" అన్నారు. అన్నారేగానీ వెళ్ళలేదు. పాట అయ్యేదాకా అక్కడే ఉన్నారు.

అప్పటినుంచి ఫణిశ్రీ అప్పుడప్పుడు కావాలనే ఒకటి రెండు స్వరాలు తప్పు వాయించేది. పిల్లలు పట్టుకునేవారు. పట్టుకున్న ప్రతిసారీ వాళ్ళకు గర్వం, ఆమెకు పండగ.

జూన్‌లో బడి తెరిచేసరికి రెండో తరగతి పిల్లలు పై తరగతికి వెళ్ళిపోయారు, ఒకటో తరగతికి కొత్తవాళ్ళు వచ్చారు. తల్లుల చెయ్యి వదలక ఏడ్చేవాళ్ళు, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని దిక్కులు చూసేవాళ్ళు. వీళ్ళెవరూ ఆమె పాడగా వినలేదు. వీళ్ళకు టీచరు గొంతంటే ఆ మెత్తటి గరుకే. టీచరంటే మెడలో గిటారు ఉండాల్సిందే అనుకుంటున్నారు. ఈ సంగతి ఫణిశ్రీకి మొదటి వారంలోనే తట్టింది. గుచ్చుకుంటుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకుంది. గుచ్చుకోలేదు.

బయట వాన పట్టింది. చేలల్లో నారు పోసే రోజులు. ఆమె వాన మీద కొత్తగా కట్టిన పాట వాయిస్తోంది. రెండో తరగతికి వచ్చిన పాపాయి, కొత్త పళ్ళతో, అందరికన్నా ముందు పాడుతోంది. చివరి బల్ల మీద సుకుమార్ అనే కొత్త పిల్లాడు మాత్రం బ్యాగు కౌగిలించుకుని కూర్చున్నాడు.

ఫణిశ్రీ వాడి దగ్గరికి వెళ్ళింది. "నువ్వూ పాడు నాన్నా."

"నాకు రాదండి" అన్నాడు.

"నాకూ మొదట్లో రాలేదు" అంది. "వింటూ ఉండు. ఎప్పుడు వస్తే అప్పుడే పాడుదువుగాని."

సుకుమార్ నోరు విప్పలేదు. గిటారు చెక్క మీద అరచెయ్యి ఆనించి, అది లోపల మోగుతుంటే చేతికి ఏదో తగులుతోందని ఆశ్చర్యంగా చూశాడు. ఆమె తొందరపెట్టలేదు. వాడి చెయ్యి అక్కడే ఉంచుకోనిచ్చి, పాట మళ్ళీ మొదటినుంచి, ఇంకాస్త మెల్లగా ఎత్తుకుంది.